మస్తాన్‌బీ పిన్ని తెల్ల గుడ్లు

నిన్న పొద్దున గుడ్లు ఉడకేస్తే గిన్నెలో నీళ్ళు టీ రంగులోకి తిరిగాయి. నాటుకోడి గుడ్లని చెప్పి గుంటూరు బ్రాడీపేటలో మా వీధి చివరి షాపులో ఇచ్చినవి. గరిటెతో పైకి తీసి చూస్తే అక్కడక్కడ గోధుమరంగు మరకలతో తెల్లటి పెంకులు బయటపడ్డాయి. ఆవిరిలో కాగిన టీపొడి వాసన. స్టవ్ ఆపేశాను. మోసపోయానన్న కోపం కన్నా ముందు మస్తాన్‌బీ పిన్ని గుర్తొచ్చింది. ఆవిడ పోయి ఇంకా ఏడాది కాలేదు.

మాది అద్దంకి దగ్గర పల్లె. పిన్నిది మా పక్కిల్లు. మా అమ్మ ఆవిడను చెల్లీ అని పిలిచేది కాబట్టి నాకు పిన్ని. భర్త పోయాక చాలా ఏళ్ళు మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళింది. ఆ పని చేసినవాళ్ళ చేతులు సాయంత్రానికి భగభగ మండుతాయి. మజ్జిగలో ముంచినా పూర్తిగా తగ్గదు. పసిపిల్లలను ఎత్తుకోవడానికి కూడా జంకుతారు. ఆ ఘాటుకు పిన్నికి దగ్గు పట్టుకుంది. చేతులు పొక్కాయి. ఇక ఆ పనికి పోనని ఒట్టు పెట్టుకుని కోళ్ళు పెంచడం మొదలుపెట్టింది. గుడ్లు అమ్ముడైతే ఇంట్లో ఉంటుంది, లేకపోతే మళ్ళీ ఆ మిరపకాయల ముందుకే.

ఆవిడ కోళ్ళు కల్లాల్లో తిరిగి, ఆరబోసిన కాయల నుంచి రాలిన గింజలు ఏరుకు తినేవి. మన కళ్ళలో నీళ్ళు తెప్పించే గింజ వాటికి కారమే కాదు. గుడ్డు కొడితే సొన ఎర్రగా ఉండేది. పెంకులు మాత్రం ఒక్క రంగు కావు. గోధుమరంగువి, మీగడరంగువి ఉండేవి. ఒక నల్ల పెట్ట అచ్చం ఫారం గుడ్డులాంటి తెల్ల గుడ్లు పెట్టేది. దాని పిల్లలు పెద్దవై అవీ తెల్లవే పెట్టసాగాయి. ఫారం గుడ్డు ధర రోజూ మారుతుంది, పిన్ని ధర మారేది కాదు. “కార్తీకమాసం కదా పిన్నీ, పేపర్లో ధర పడిపోయింది. నువ్వు తగ్గించవా?” అని ఒకసారి అడిగాను.

“నా కోళ్ళు పేపరు చదవవే. మేత తగ్గించానా, ధర తగ్గించడానికి? చలికాలంలో రేటు పెరిగినా నేను పెంచనులే, పో.”

నేను గుంటూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నప్పుడు అక్కడి ఒక షాపుతో ఆవిడకు బేరం కుదిరింది. కొన్నాళ్ళు బాగానే సాగింది. తర్వాత తెల్ల గుడ్లు వెనక్కి రాసాగాయి. నాటుగుడ్డంటే గోధుమరంగులోనే ఉండాలని కొనేవాళ్ళ నమ్మకం. షాపాయన ఫోన్ చేశాడు. “తెల్లవి తీసేస్తే బుట్టలో సగమే మిగులుతాయి, సగం బుట్ట నాకు గిట్టదమ్మా. టీ డికాక్షన్‌లో కాసేపు ముంచి పంపండి. అందరూ చేసేదే.”

“నా కోడి పెట్టిన గుడ్డుకి నేను వేషం కట్టాలా?” అని పిన్ని ఫోన్ పెట్టేసింది.

ఆ సోమవారం నేను హాస్టల్‌కు బయల్దేరుతుంటే, నల్ల పెట్టను బుట్టలో పెట్టుకుని ఆవిడా బస్సెక్కింది. “కోడికి టికెట్ తీసుకోవాలమ్మా” అన్నాడు కండక్టరు. “ఒళ్ళో కూర్చుంది, నిన్ను సీటు అడిగిందా?” అంది పిన్ని. బస్సంతా నవ్వింది. చిలకలూరిపేట దాటేదాకా నేను కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను.

నన్నూ వెంటబెట్టుకుని షాపుకెళ్ళి, బుట్టను బల్ల మీద పెట్టి, “తెల్లవి పెట్టేది ఈవిడేనండి. పెట్టేదాకా ఉంటాం” అంది.

షాపాయన నవ్వాడు. “ఇదేమన్నా ఆసుపత్రా అమ్మా?”

“పురిటికి పుట్టింటికి తీసుకొచ్చాననుకోండి.”

జనం పోగయ్యారు. మధ్యాహ్నం దాటినా పెట్ట గుడ్డు పెట్టలేదు. సరుకులకు వచ్చిన ఒక పెద్దావిడ వంగి చూసి, “ఇది పెడుతుందంటావా?” అని అడిగింది.

“పెట్టదమ్మా. కొత్తచోటు, బెదిరింది.”

“తెలిసీ ఎందుకు తెచ్చావు మరి?”

“అబద్ధమాడటం లేదని చెప్పడానికి నా దగ్గర ఇంకేముందమ్మా?”

“అబద్ధమని నేనన్నానా? అమ్ముడుపోవట్లేదన్నాను” అన్నాడు షాపాయన. అతని మాటా నిజమే. బేరం ఆ రోజుతో ఆగిపోయింది.

ఆ మిరప కోతలకు పిన్ని మళ్ళీ తొడిమలు తీయడానికి వెళ్ళింది. ఒక సాయంత్రం మా వసారాలో మజ్జిగ గిన్నెలో చేతులు పెట్టుకుని కూర్చుంది. “కాసిని టీ నీళ్ళకి ఇంత పంతమేంటే?” అని అమ్మ కోప్పడింది. పిన్ని చేతులు బయటికి తీయలేదు. “ఇది తెల్లారేసరికి తగ్గుద్దిలే అక్కా. అదైతే తగ్గదు” అంది. నేను అప్పటికి చాలా పుస్తకాలు చదివాను. నిజాయితీ గురించి ఇంతకంటే సూటిగా చెప్పిన మాట నాకు ఎక్కడా దొరకలేదు.

తర్వాత కొన్నాళ్ళకు ఆ పెద్దావిడ బ్రాడీపేటలో నాకు ఎదురై, “ఆ కోడి చివరికి పెట్టిందా?” అని అడిగింది. ఇంటికెళ్ళిన మర్నాడే పెట్టిందని చెప్పాను. “తెల్లదేనా?” “తెల్లదేనండి.” ఆవిడ నవ్వి, “ఈసారి ఊరినుంచి వచ్చేటప్పుడు నాకు కాసిని తెచ్చిపెట్టు” అంది. అలా ఒక ఇల్లు, ఆ ఇంటివాళ్ళు చెబితే ఇంకో ఇల్లు. ఊకలో సర్దిన బుట్ట నేనే మోసుకెళ్ళేదాన్ని. తెల్లవీ గోధుమరంగువీ కలిసే ఉండేవి. మరుసటి కోతల నాటికి పిన్ని మిరపకాయల పని మానేసింది. మళ్ళీ వెళ్ళలేదు.

ఆవిడ పోయిన తర్వాత గూళ్ళలో మిగిలిన గుడ్లతో ఆఖరి బుట్ట సర్ది ఆ ఇళ్ళకు తీసుకెళ్ళాను. పెద్దావిడ ఇంట్లో కొత్త కోడలు తలుపు తీసింది. ఒక గుడ్డు చేతిలోకి తీసుకుని, “ఇది ఫారం గుడ్డులా ఉందేంటండీ?” అంది. నేను నోరు తెరిచేలోపే లోపలి గదిలోంచి పెద్దావిడ గొంతు వినిపించింది.

“మస్తాన్‌బీ కోళ్ళవేనా?”

“అవునండీ.”

“అయితే లోపల పెట్టమ్మా.”

ఇంకో ప్రశ్న రాలేదు. ఆ మెట్లు దిగుతున్నప్పుడు కలిగిన గర్వం ఇప్పటికీ నాతోనే ఉంది. నువ్వు ఎవరి పిల్లవని ఎవరైనా అడిగితే, మా అమ్మ పేరు చెప్పి ఆగను. మస్తాన్‌బీ పేరు కూడా చెబుతాను.