నేను కనిపెట్టిన అచ్చుతప్పు

తెలియదని ఒప్పుకోవడం కంటే తప్పు చెప్పడమే మర్యాద అనిపించే వయసొకటి ఉంటుంది. ఆ రోజుల్లో నేను ఆ వయసులో పీకల దాకా మునిగి ఉన్నాను. ఇరవై మూడేళ్ళు, చేతిలో బి.కాం. పట్టా, ఓర్వకల్లు దగ్గర మా ఊళ్ళో పొద్దున లేస్తే మా నాన్న చూపులు. అప్పటికే రెండు ఉద్యోగాలు మానేశాను (రెండోది నేను మానలేదు, వాళ్ళే మాన్పించారు; ఇంట్లో మాత్రం మానేశాననే చెప్పాను). మా అక్కను కడప జిల్లాలో నాపరాళ్ళ గనులున్న ఒక ఊరికిచ్చారు. ఆ ఊళ్ళో బండలకు పాలిష్ పట్టే ఫ్యాక్టరీ, ఒక ప్రైవేటు బడి, రెండూ ఒకే ఆసామివి. మా బావ ఆ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఏడాది మధ్యలో బడి లెక్కల సారు చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయాడని తెలిసి, మా అక్క స్వయంగా ఆ ఆసామి ఇంటికి వెళ్ళి "మా తమ్ముడు లెక్కల్లో పులి సార్" అని మాటిచ్చి వచ్చింది. ఆయన్ని ఊరంతా పెద్దసారు అనేవాళ్ళు. నెల రోజులు చూస్తానన్నాడాయన. నెలాఖరు శనివారం తానే వచ్చి వెనక బెంచీలో కూర్చుంటాడట, పాఠం నచ్చితే ఉంచుకుంటాడట, లేకపోతే సాయంత్రం కర్నూలు బస్సెక్కిస్తాడట. నాకు బస్సు కొత్తకాదు. కానీ అక్క నా కోసం ఎవరినీ ఏదీ అడగడం అదే మొదటిసారి. ఆ మాట పోతే, ఆ ఊళ్ళో ఆమె ముఖం ఎట్లా చూపిస్తుందా అన్నదే నా బెంగ.

మూడు వారాలు పులి వేషం బాగానే నడిచింది. నాలుగో వారం మంగళవారం ఎనిమిదో తరగతికి ఘాతాంకాలు మొదలుపెట్టాను. ఐదు పవర్ మూడు అంటే ఐదును మూడుసార్లు వేసి గుణించడం, నూట ఇరవై అయిదు. పిల్లలు తలలూపారు, నాకు ఉత్సాహం వచ్చింది. మరి ఐదు పవర్ సున్నా? ఐదును ఒక్కసారి కూడా వేయలేదు కదా, వేయకపోతే ఏముంటుంది, ఏమీ ఉండదు, కాబట్టి సున్నా అన్నాను. రెండు పవర్ మైనస్ ఒకటి? మైనస్ రెండు అన్నాను. అప్పుడొక పిల్ల పుస్తకం చివరి పేజీలు తిప్పి, జవాబుల్లో మొదటిదానికి ఒకటి అని, రెండోదానికి అర అని ఉందని చూపించింది. (ఆ పిల్లకు తరగతిలో "ఎందుకు" అని పేరు. నోరు తెరిస్తే అదే మాట.) నేను పుస్తకం చేతిలోకి తీసుకున్నాను, దూరంగా పెట్టి చూశాను, దగ్గరగా పెట్టి చూశాను. చూసి, పెద్దమనిషిలా నిట్టూర్చి, "అచ్చుతప్పు. కొట్టేసుకోండి" అన్నాను. నలభై రెండు మంది పెన్నులు తీసి, స్కేళ్ళు పెట్టి మరీ కొట్టేసుకున్నారు. మధ్యాహ్నానికల్లా సంగతి పక్క సెక్షనుకు పాకింది, వాళ్ళూ కొట్టేసుకున్నారు. గవర్నమెంటు పుస్తకంలోనే తప్పు పట్టినాడని తెలుగు పంతులుగారు నా భుజం తట్టి టీ ఇప్పించారు. ఆ టీ రుచి ఇప్పటికీ గుర్తుంది.

బుధవారం పొద్దున "ఎందుకు" మళ్ళీ లేచింది. గొంతులో వెటకారం ఏమీ లేదు, అదే నన్ను చంపింది. "సార్, ఏడు పవర్ సున్నా కూడా ఒకటే అని వేసినారు. పది పవర్ సున్నా కూడా ఒకటే. అన్నీ అచ్చుతప్పులేనా సార్?" తర్వాతి క్లాసులో చెప్తానన్నాను. ఆ సాయంత్రమంతా ఫోన్లో వీడియోలు చూశాను. దేశంలో ఉన్న లెక్కల మాస్టర్లందరూ ఒకటేనంటున్నారు. ఒకాయన అది రూలు, అంతే అన్నాడు. ఇంకొకాయన రెండు క్యూబును రెండు క్యూబుతో భాగించి, పైన మూడులోంచి మూడు తీసేసి, చూశారా ఒకటి అన్నాడు. చూశాను, ఒప్పుకున్నాను. కానీ నమ్మలేదు. రూలుకు దండం పెట్టడం వేరు, కడుపులోకి దిగడం వేరు. తప్పు చేశానన్న భయం ఒకవైపు ఉన్నా, చిత్రంగా దానికంటే పెద్దదేదో పట్టుకుంది నన్ను. అసలు ఎందుకు ఒకటి? ఏమీ వేయకుండా ఆ ఒకటి ఎక్కడినుంచి ఊడిపడింది? బి.కాం. మూడేళ్ళలో ఒక్క ప్రశ్న కూడా నన్ను అన్నం దగ్గర కూర్చోనివ్వకుండా చేయలేదు. అక్క మాత్రం నేను పెద్దసారుకు భయపడి తినడం లేదనుకుని ఇంకో రొట్టె వేసింది.

గురువారం పొద్దున బడికి పోతూ, అక్కవాళ్ళింటి పక్క షెడ్డు దగ్గర ఆగాను. అక్కడ ఒక ముసలాయన రోజంతా గొంతుక్కూర్చుని నాపరాళ్ళు చీలుస్తుంటాడు. అందరూ ఉలి తాత అంటారు. నాపరాయి పొరలుపొరలుగా ఉంటుంది. అంచున పొర చూసుకుని ఉలి పెట్టి, సుత్తితో చిన్నగా తడుతూ పోతే పుస్తకం తెరుచుకున్నట్టు రెండు బండలవుతుంది. బడిపిల్లాడిలా నిలబడి చూస్తుంటే, నా నోట్లోంచి దానంతటదే ప్రశ్న వచ్చేసింది. ఈ రాయిని ఒకసారి చీలిస్తే ఎంత మందం తాతా అన్నాను. సగం అన్నాడు. దాన్ని ఇంకోసారి చీలిస్తే? పావు. మరి ఒక్కసారి కూడా చీల్చకపోతే?

ఆయన సుత్తి కింద పెట్టి, ఒంట్లో బాగుందా అన్నట్టు నన్ను చూశాడు. "నువ్వు ముట్టుకోకపోతే రాయి యాడికి పోతాదప్పా? ఉండే రాయి ఉన్నట్లే ఉంటాది."

నేను అక్కడే ఒక బండ మీద కూలబడ్డాను. ఇంత చిన్న సంగతా! పవర్ సున్నా అంటే ఏమీ లేదని కాదు, ఏమీ చేయలేదని. మనం ఏమీ చేయలేదని ఉన్న ఒక రాయి సున్నా అయిపోదు కదా. రెండింతలు చేసుకుంటూ పోతే రెండు, నాలుగు, ఎనిమిది. చేయకుండా ఊరుకుంటే ఒకటి. మైనస్ అంటే ఆ పనికి ఎదురు పని, చీల్చడం: అర, పావు. మైనస్ రెండు మందమున్న బండ ప్రపంచంలో ఏ గనిలో దొరుకుతుంది? ఆనందం పట్టలేక ఇదంతా తాతకు వివరించాను. ఆయన ఓపికగా విని, రాయి నీ లెక్క వినదప్పా, పొర యాడుంటే ఆడనే చీలుతాది అన్నాడు. మా పుస్తకాల్లో రాయి ఎప్పుడూ సరిగ్గా మధ్యకే చీలుతుందన్నాను. "ఆ గని యాడుండాదో చెప్పు. నేనూ ఆడికే పోతా" అన్నాడు.

ఇక మిగిలింది ఒకటే చిక్కు. తప్పును నలభై రెండు పుస్తకాల్లో పెన్నుతో కొట్టించాను. గురువారం ఎనిమిదో తరగతికి నా పీరియడు లేదు, శుక్రవారం బడికి సెలవొచ్చింది, కాబట్టి దిద్దుకునే రోజు పెద్దసారు వచ్చే శనివారమే. కుడితిలో పడ్డ ఎలుకనయ్యాను. కొత్త ముద్రణలో జవాబు మారిందని చెబుదామా అనుకున్నాను, ఆ వారం ఘాతాంకాలు వదిలేసి చతుర్భుజాలు చెబుదామా అని కూడా అనుకున్నాను. "ఎందుకు" ముఖం గుర్తొచ్చి రెండూ మానుకున్నాను. తాత జానెడు పొడవున్న బండలు నాలుగు, ఒక ఉలి, ఒక సుత్తి ఇచ్చాడు. గోనెసంచిలో వేసుకుని బావ బండి మీద తీసుకుపోయాను.

పెద్దసారు చిన్నపిల్లల బెంచీలో మోకాళ్ళు ఇరికించుకుని కూర్చున్నాడు. నేను గొంతు సవరించుకున్నాను. "మంగళవారం నేను చెప్పింది తప్పు. పుస్తకంలో అచ్చుతప్పేమీ లేదు. తప్పు నాదే."  ముందు బెంచీ నుంచి ఎవరో మెల్లగా, పెన్నుతో కొట్టేసినాం సార్, ఇప్పుడెట్లా అన్నారు.  పెద్దసారు వైపు చూసే ధైర్యం లేక, బండలు తీసి ఒకదాని మీద ఒకటి పేర్చడం మొదలుపెట్టాను.

ఒక్క బండ మందాన్ని ఒకటి అనుకోమన్నాను. రెండింతలు చేస్తే రెండు. మళ్ళీ రెండింతలు చేస్తే నాలుగు, అదే రెండు పవర్ రెండు. ఇప్పుడు వెనక్కి వచ్చాం. రెండు తీస్తే పవర్ ఒకటి, ఇంకొకటి తీస్తే మిగిలింది ఒక బండ. దాన్ని ఎన్నిసార్లు రెండింతలు చేశామని అడిగితే, ఒక్కసారి కూడా చేయలేదన్నారు. మరి మందమెంత అంటే, సగం తరగతి ఒకటి అని చెప్పి, చెప్పాక తామే ఆశ్చర్యపోయింది. ఇంకా వెనక్కి పోదామని ఉలి పెట్టి కొట్టాను. రాయి చలించలేదు. ఇంకోసారి కొట్టాను, నా బొటనవేలు చలించింది. ఆ పిల్లల్లో సగం మంది ఇళ్ళలో అదే పని. నేను ఉలి పట్టుకున్న తీరు చూసి వాళ్ళు పడ్డ బాధ అంతా ఇంతా కాదు. చివరికి "ఎందుకు" లేచి వచ్చి, నా చేతిలోది తీసుకుని, అంచు తడిమి, నాలుగు దెబ్బల్లో రాయిని రెండు చేసింది. ఆ సన్నబండను పైకెత్తి, పవర్ మైనస్ ఒకటి, అర, అని తనకు తానే చెప్పుకుంది. రాయి సరిగ్గా మధ్యకు చీలలేదు, కానీ ఎవరూ ఆ మాట ఎత్తలేదు.

ఇక్కడితో అయిపోయిందనుకుని బండలు సంచిలో వేస్తుంటే ఆ పిల్ల కూర్చోకుండా నిలబడే ఉంది. "సార్, సున్నా పవర్ సున్నా ఎంత?"

నలభై రెండు తలలు నా వైపు తిరిగాయి. వెనక బెంచీ కిర్రుమంది. ఒకటి అనాలని నోటిదాకా వచ్చింది, సున్నా కూడా వచ్చింది. రెండూ మింగాను. "నాకు తెలీదమ్మా. తెలుసుకుని సోమవారం చెప్తా" అన్నాను. నా జీవితంలో ఆ మాట పైకి అనడం అదే మొదలు. అంటున్నప్పుడే కర్నూలు బస్సు హారను చెవుల్లో మోగింది.

పెద్దసారు మోకాళ్ళు విడిపించుకుని లేచాడు. పంచె దులుపుకుని వాకిలి దాకా పోయి ఆగాడు.

"ఏమప్పా, సోమవారమన్నావు. ఆ లెక్క నేనూ వినల్ల. పొద్దున్నే రా."

సోమవారం నాకు దొరికింది సగం జవాబే: కొందరు దాన్ని ఒకటిగా తీసుకుంటారని, కొందరు విలువ చెప్పలేమని వదిలేస్తారని. "ఎందుకు"కు అది చాలలేదు. పెద్దసారుకూ చాలలేదు. అక్క మాత్రం వీధిలో తల ఎత్తుకుని తిరిగింది. నేను తర్వాత బి.ఎడ్. చేశాను, లెక్కలు సరిగ్గా నేర్చుకున్నాను, ఇప్పుడు కడపలో పేరున్న మాస్టర్ని. ఘాతాంకాల పాఠం నిద్రలో లేపి అడిగినా చెప్తాను. మొన్నొక పిల్లవాడు నాకు రాని ప్రశ్న ఒకటి వేశాడు. అది పై తరగతిలో వస్తుంది, కూర్చో అన్నాను. వాడు కూర్చున్నాడు. ఇంటికొచ్చి చెప్పులు విడుస్తుంటే ఆ బి.కాం. కుర్రాడు గుర్తొచ్చాడు, వాచిన బొటనవేలితో సహా. వాడికి నాకొచ్చినదాంట్లో పావు వంతు కూడా రాదు. అయినా నవ్వొచ్చింది, కొంచెం సిగ్గూ వేసింది. మా అబ్బాయికి లెక్కలు చెప్పడానికి వాడు దొరికితే బాగుండుననిపించింది.