నూనె పూసిన గోడ

హెప్సిబా ప్రార్థనలో కూడా చేతులు ఊరికే ఉంచదు. నస్పూర్ మెథడిస్టు చర్చిలో అయ్యగారు వాక్యం చెబుతుంటే, ఆమె బొటనవేలు పక్కనున్న కిటికీ ఇనుప చట్రాన్ని రుద్దుతూ ఉంటుంది. రుద్ది, వేలు చూసుకుంటుంది. నల్లగా అయితే బొగ్గు దుమ్ము. తెల్లగా పొడి అంటితే రంగు చచ్చిపోతోందని అర్థం. తల్లి ఆనందమ్మ మోచేత్తో పొడుస్తుంది.

"దేవుని మందిరం కూడ నీకు గిరాకీ లెక్కనే కనవడ్తదా?"

"గిరాకీ కాదవ్వా. గీ రంగు ఇంకో ఎండకాలం నిలువది."

తండ్రి బొగ్గుబావిలో పనిచేసి, ఊపిరితిత్తులు పాడై మంచాన పడ్డప్పుడు హెప్సిబా మస్కట్లో ఉంది. అక్కడ ఒక క్లీనింగ్ కంపెనీలో పెద్ద పెద్ద భవనాల బయటి గోడలు కడిగే పని. తండ్రి కోసమని వచ్చింది, ఆయన పోయాక తిరిగి వెళ్లలేదు. వెళ్లలేదే గానీ ఇక్కడ నిలవనూ లేదు. బట్టల దుకాణంలో కొన్నాళ్లు చేసి మానేసింది. కుట్టుమిషన్ ముందు కూర్చుంటే కాళ్లు తిమ్మిరెక్కేవి. సాయంత్రమైతే గుమ్మంలోకి, మళ్లీ పెరట్లోకి, మళ్లీ గుమ్మంలోకి తిరిగేది. చివరికి నీళ్లు జోరుగా చిమ్మే ప్రెషర్ మిషన్ ఒకటి, పాత ట్రాలీ ఆటో కొనుక్కుంది. ఆటో తనే నడుపుతుంది.

మొదట నస్పూర్‌లో బొగ్గు దుమ్ము పట్టిన గోడలు కడిగింది. కానీ అసలు పని గోదావరి అవతల ఉందని తొందరలోనే తెలిసింది. జగిత్యాల, ధర్మపురి వైపు ఊళ్లలో గల్ఫ్ పోయినవాళ్లు ఇళ్లు కట్టించుకున్నారు. గల్ఫ్‌లో చూసిన భవనాల్లాగా ఇంటి ముందు భాగానికి మెరిసే అల్యూమినియం షీట్లు బిగించారు. ఇక్కడి ఎండకు కొన్నేళ్లకే ఆ రంగు పొడిపొడిగా పైకి తేలి తెల్లబడింది. బిగించుకున్న మగవాళ్లు మళ్లీ గల్ఫ్‌లోనే ఉన్నారు. ఇంట్లో ఉన్న ఆడవాళ్లు దుమ్మనుకొని నీళ్లు చల్లేవారు. తడిగా ఉన్నంతసేపు రంగు కొత్తదానిలా కనిపించేది. ఆరగానే మళ్లీ తెల్లగా అయ్యేది.

వేసవిలో ఒకరోజు ధర్మపురి దగ్గరి ఊరి నుంచి ప్రవళిక అనే అమ్మాయి ఫోన్ చేసింది.

"అక్కా, రేపే రావాలె. మా ఆయన ఎల్లుండి వస్తుండు."

"ఏం రంగు షీట్లు చెల్లె? ఎండ ఏ దిక్కు?"

"అవన్ని నువ్వొచ్చి చూసుకో అక్కా. జర తొందరగ రా."

ఆ గొంతులో ఉన్న కంగారు హెప్సిబాకు అంటుకుంది. తెల్లవారకముందే లేచి, మిషన్ ఎక్కించి, రాయపట్నం బ్రిడ్జి దాటింది. కింద గోదావరి ఇసుక తేలి ఉంది. ఆగి చూడాలనిపించలేదు. షీట్ల మీద ఎండ పడకముందే పని మొదలుపెట్టాలన్నదే ఆమె తొందర.

ఇల్లు రోడ్డు పక్కనే ఉంది. ముందంతా ముదురు ఎరుపు షీట్లు. హెప్సిబా అలవాటుగా బొటనవేలు ఆనించింది. పొడి రాలేదు. వేలు జిగటగా అంటుకుంది. వాసన చూసింది.

"ఇదేంది చెల్లె, నూనె?"

ప్రవళిక నోరు విప్పేలోపే గడపలో కూర్చున్న అత్త కిష్టవ్వ అందుకుంది. "నేనే పెట్టిచ్చిన బిడ్డా. తలుపులకు పెడ్తలేమా? తలుపు మెరిసినప్పుడు గోడ మెరువదా?"

"తలుపు కట్టె గదా పెద్దమ్మా. గిది కట్టె కాదు."

"మెరిసిందా లేదా, గది చెప్పు."

మెరిసింది నిజమే. దానికి దుమ్మంతా వచ్చి అతుక్కుంది. అక్కడక్కడ నల్లటి తెట్టు కట్టింది.

ప్రవళిక ఆమెను బోరు దగ్గరికి తీసుకుపోయింది. అత్తకు వినపడకుండా నీళ్ల పంపు తిప్పింది.

"శుక్రవారం ఆయనకు సెలవు అక్కా. వీడియోల ఇల్లు చూపియ్యమంటడు. నేను గురువారం నాడే కనవడే కాడ నూనె పూస్తుంటి."

"ఎందుకు? తెల్లబడ్డదని చెప్తే ఏమైతది?"

"మల్ల పోతడు." ఆమె నీళ్ల వైపే చూస్తూ చెప్పింది. "మొదటిసారి వచ్చినప్పుడు స్లాబ్ కారుతుందని పోయిండు. తర్వాత ప్రహరీ కూలిందని పోయిండు. అటెన్క బోరు ఎండింది. ఎప్పుడు చూసినా, గిదొక్కటి అయిపోతే ఇగ పోను అంటడు. ఇప్పుడు సెలవు మీద వస్తుండు, ఇంట్ల ఏం చెడిపోలే, ఇగ ఉండిపొమ్మని అడుగుదామనుకున్న. గీ గోడ ఒక్కటే. గిది చూసిండంటే షీట్లన్ని మార్పియ్యాలె అని మల్ల కంపెనీకి సంతకం పెడ్తడు."

భరోసా ఇచ్చే అలవాటు హెప్సిబాకు లేదు. పైగా భయంగా ఉంది. కింద పొడి, పైన నూనె. పొడి తీసే మందు ఒకచోట పట్టి ఒకచోట పట్టకపోతే గోడంతా చారలు పడుతుంది. అప్పుడు ఏ నూనె పూసినా దాగదు.

మెట్ల వెనక, ఎవరికీ కనిపించని షీటు మీద ముందు కాస్త మందు పూసి చూసుకుంది. అనుకున్నట్టే చారలు వచ్చాయి. గిన్నెలు తోమే సబ్బుతో నూనె తీసి, మళ్లీ మందు పూసి, మెత్తని స్పాంజితో రుద్దింది. తెల్లటి పొడి ఎర్రటి నురగై కారింది. కడిగితే లోపలి రంగు బయటపడింది. కొత్తదానిలా కాదు, కానీ సమంగా ఉంది.

"చీర కుచ్చిళ్లు పైకి చెక్కుకో చెల్లె. నా ఒక్కదానితోని ఎండ పడకముందు కాదు. చేతులకు గీ తొడుగులు ఏస్కో."

ఇద్దరూ మొదలుపెట్టారు. సబ్బుతో నూనె తీసిన షీటుకు హెప్సిబా కింది నుంచి పైకి మందు పూస్తూ పోయింది.

"నెత్తికి కింది నుంచి పోసుకుంటరా ఎవలన్న?" కిష్టవ్వ అడిగింది.

"పైనుంచి పోస్తే పొడి గోడ మీద కారి మచ్చలైతయ్ పెద్దమ్మా. కింద ముందే తడిగుంటె కారినా ఏం కాదు."

"గంత పెద్ద మిషిని తెచ్చి తుంపర్లు కొడ్తున్నవ్. జోరుగ కొట్టరాదు?"

"జోరుగ కొడ్తే పొడితోని రంగు కూడ పోతది. నీ కొడుకొచ్చి ఉత్త రేకు చూస్తడు."

"అమ్మో, వద్దు బిడ్డా. నీ ఇష్టమున్నట్టు కొట్టు."

ఎండ ప్రహరీ దాటి పైకి వస్తోంది. హెప్సిబా మాటిమాటికీ వెనక్కి తిరిగి చూసుకుంటోంది. సగం గోడ కడగడం అయింది. మిగతా సగానికి మందు పూసి, రుద్దడం మొదలుపెట్టిందో లేదో, రోడ్డు మీద ఒక కారు ఆగింది.

దిగింది ప్రవళిక భర్త లక్ష్మణ్.

ప్రవళిక చేతిలో స్పాంజి అలాగే ఉండిపోయింది. మోచేతుల దాకా ఎర్రటి నురగ. "రేపు గదా?" అంది.

"రేపని చెప్తేనే మంచిదనుకున్న. లేకుంటే పట్నం ఎయిర్‌పోర్టు దాకా కారు కట్టుకొని సగం ఊరు ఎదురొస్తది." నవ్వుతూ తల్లి దగ్గరికి పోయి కాళ్లు మొక్కాడు. లేచాక గోడ చూశాడు. ఒక సగం నిండు ఎరుపు. ఒక సగం నురగ, తెలుపు, నల్లటి మరకలు. నవ్వు ఆగిపోయింది. ఇంకా కడగని మూల షీటును అరచేత్తో రాశాడు. చెయ్యి చూసుకున్నాడు.

"ఇదేంది? మొన్న శుక్రవారం మంచిగుండె గదా."

"నూనె పెట్టినం గదరా!" కిష్టవ్వ సంబరంగా చెప్పింది. "ప్రతి వారం పెడ్తుంటిమి. నువ్వు చూస్తవని."

ప్రవళిక తల దించుకుంది. లక్ష్మణ్ గోడ పొడవునా నడిచాడు. వెనక్కి వచ్చాడు. మళ్లీ నడిచాడు. పైకి చూసి, ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకొని, తనలో తాను అన్నట్టు అన్నాడు.

"మొత్తం మార్పియ్యాలె."

ప్రవళిక స్పాంజిని బకెట్లోకి విసిరికొట్టింది. నీళ్లు అతని ప్యాంటు మీద పడ్డాయి.

"అన్నవా? ఇంకా ఇంట్ల అడుగు పెట్టలే, అప్పుడే అన్నవా!"

"నేనేమన్న? ఖరాబైంది, మార్పియ్యాలె అన్న. అది కూడ తప్పేనా?"

"స్లాబ్ ఖరాబైంది అన్నవ్. ప్రహరీ ఖరాబైంది అన్నవ్. గీ ఇంట్ల నేను ఖరాబైతే కూడ దుబాయ్ పోయి సంపాయించి మార్పిస్తవా?"

కిష్టవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. హెప్సిబా మాత్రం గోడనే చూస్తోంది. మందు అంచుల్లో ఎండిపోవడం మొదలైంది.

"మీ కొట్లాట తర్వాత పెట్టుకోండ్రి," అంది గట్టిగా. "మందు ఆరుతుంది. ఆరితే చారలు పడ్తయ్, అప్పుడు నిజంగనే మార్పియ్యాలె. తమ్మీ, గా బకెట్ల స్పాంజి తీస్కో. చెల్లె, నువ్వు గా చివరి నుంచి. జల్ది!"

లక్ష్మణ్ ఒక్క క్షణం తటపటాయించాడు. గడియారం విప్పి తల్లి చేతిలో పెట్టి, స్పాంజి అందుకున్నాడు. ఒక చివర అతను, ఒక చివర ఆమె. హెప్సిబా ఇద్దరి మధ్య తుంపర కొడుతూ అటూ ఇటూ పరుగెత్తింది.

"నాకు చెప్పాలె గదా," అన్నాడు అతను గోడతో అన్నట్టు.

"చెప్తే?"

రుద్దాడు. "ఏమో. మల్ల సంతకం పెడ్తుంటినేమో."

"మరి ఎందుకు చెప్పాలె?"

అతను ఇంకా గట్టిగా రుద్దాడు. "గంత గట్టిగొద్దు తమ్మీ, గోడ మీద కోపం తీయకు," అని హెప్సిబా అరిచింది. కిష్టవ్వ పకాలున నవ్వింది. ప్రవళిక నవ్వలేదు గానీ, భుజాలు కాస్త దిగాయి.

ఎండ షీట్లను తాకేసరికి చివరిది కడగడం అయింది. ముగ్గురూ రోడ్డు దాకా వెనక్కి పోయి చూశారు. తడి ఆరుతోంది. ఒక షీటు ఆరింది, తెల్లబడలేదు. ఇంకోటి, ఇంకోటి. రంగు నిలిచింది. పడమటి మూల పైన మాత్రం చెయ్యంత మేర లోపలి వెండి రేకు కనిపిస్తోంది.

"అది కడిగితే వచ్చేది కాదు," అంది హెప్సిబా. దాచాలనుకోలేదు. "అక్కడ రంగే లేదు. రంగు ఏసుకోవాలె."

"ఇయ్యాల ఏస్తే?" లక్ష్మణ్ అడిగాడు.

"కాలుతున్న రేకు మీద పొంగుతది. వానలల్ల పట్టది. వానలు ఎల్లినంక, బతుకమ్మ ముందర ఏసుకోండ్రి."

లక్ష్మణ్ సెలవు వానలు పడకముందే అయిపోతుందని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. ప్రవళిక తొడుగులు విప్పుతూ, ఒక్కో వేలూ లాగుతూ, అతని వైపు చూడకుండా నిలబడింది.

"పిలిస్తే నేనే వస్త," అంది హెప్సిబా.

అతను ఆ వెండి మచ్చనే చూస్తున్నాడు. "గంత పాటికి నువ్వెందుకక్కా? నిచ్చెన ఉంది. బతుకమ్మ ముందర నేనే ఏస్త."

"ఏ ఏడాది బతుకమ్మ?" ప్రవళిక అడిగింది.

"గీ ఏడాదిదే."

"గట్లనే అంటవ్. కంపెనీకి చెప్పు."

"చెప్త. స్నానం చేసి, జర తిని..."

"ఇప్పుడే చెప్పు. నేను వినాలె."

అతను తడిచేతులు చొక్కాకు తుడుచుకొని ఫోన్ తీశాడు. అవతలివాడు ఎత్తేదాకా గుమ్మం ముందు అటూ ఇటూ తిరిగాడు. ఎత్తాక హిందీలో మాట్లాడాడు. అవతల గొంతు పెరిగింది. లక్ష్మణ్ ఒకసారి ఆగాడు. ఆ ఆగిన కాసేపూ ప్రవళిక గోడకేసి తిరిగి నిలబడింది. "నై భాయ్," అన్నాడతను. "వాపస్ నై ఆతా. టికెట్ క్యాన్సిల్ కర్ దో."

హెప్సిబా పైపు చుట్టి ఆటోలో పడేసింది. లక్సెట్టిపేటలో ఇంకో ఇల్లు ఉంది, దాని ముఖం పడమరకు, మధ్యాహ్నం లోపే చేరాలి. ఆటో మళ్లిస్తూ అద్దంలో చూస్తే, లక్ష్మణ్ ఫోన్ జేబులో పెట్టుకొని వాకిట్లో దించిన పెట్టె అందుకోబోతున్నాడు. ప్రవళిక అతని కంటే ముందే పెట్టె పట్టుకుంది.

"నేను తెస్త," అంటోంది. "నువ్వు నడువు లోపటికి."