ఏ చేపో చెప్పమన్న మా మేనత్త

మంగళవారం పొద్దున్నే బారువ నుంచి చిన్నాన్న ఫోను. "మీ అత్త ఎలిపోనాదే" అన్నాడు. అప్పుడు నేను పలాసలో కూర్చుని ఒక పత్రిక సంపాదకుడికి మెయిల్ రాస్తున్నాను. ఆవిడ గురించే.

నేను ఏ పత్రికలోనూ ఉద్యోగిని కాను. 'ఫలానా కథనం రాస్తాను, వేసుకుంటారా' అని సంపాదకుల్ని అడిగి, సరేనంటే రాస్తాను. మొదటి ఏడాదంతా 'తీరప్రాంత జీవితాల మీద ఒక వ్యాసం' అని పంపేదాన్ని. ఒక్కరూ పలకలేదు. ఇక మానేస్తానని ఏడుపు మొహంతో వెళ్తే, అత్త ఎండుచేపలు తట్టలోకి సర్దుకుంటూ నవ్వింది.

"సేపలో సేపలు అని అరిత్తే ఎవులు తలుపు తీత్తారే గుంటా? నెత్తళ్ళా, కవళ్ళా? ఎన్నెండలు కాసినాయి? అది సెప్పు."

మర్నాడు ఆవిడ వెంట మందస వీధులు తిరిగాను. ఏ ఇంట్లో ఏది తింటారో ఆవిడకి నోటికొచ్చు. వద్దంటే "రేపు ఆకలెయ్యదేటి ఆళ్ళకి?" అంటూ పక్కింటికి నడిచేది. నేనేమో పత్రిక తిరగెయ్యకుండానే దానికి పంపేసేదాన్ని. ఆ పొగరు ఆ రోజే దిగింది.

తర్వాత ఆవిడ కిడ్నీలు పోయాయి. ఉద్దానంలో అది కొత్త కబురేం కాదు. పలాస వచ్చి డయాలసిస్ చేయించుకునేది, ఓపికున్న రోజున తట్ట ఎత్తేది. ఎండుచేపలమ్మే ఆడవాళ్ళ మీద రాస్తానని ఒక సంపాదకుడిని అడిగితే, "మీ అత్తగారు మంచం మీదున్న ఫొటో పంపండి, కిడ్నీ కథ చేద్దాం" అన్నాడు. అత్తకి చెప్పాను. సూది గుచ్చిన చెయ్యి కదపకుండా రెండో చేత్తో నా చెవి మెలిపెట్టింది.

"నలభయ్యేళ్ళు తట్ట మోసినాను. నాలుగేళ్ళు మంచమెక్కితే నాను రోగమైపోనానేటి? సేపలమ్మిందని రాయి. నేదంటే ఒగ్గీ."

నాకూ పంతం పట్టింది. ఆరుగురికి పంపాను, ఆరుగురూ వద్దన్నారు. ఏడో మెయిల్ సగంలో ఉండగా ఆ ఫోను వచ్చింది.

ఆవిడ పోయిన సంగతి తెలిసి, కిడ్నీ కథ చేద్దామన్న ఆ సంపాదకుడే మళ్ళీ అడిగాడు, ఇప్పుడైనా ఆ ఫొటో ఇస్తారా అని. ఇవ్వనండీ అన్నాను. ఏడో మెయిల్ పూర్తి చేసి పంపాను. జవాబు ఇంకా రాలేదు. ఎనిమిదో పేరు రాసి పెట్టుకున్నాను.

ఆవిడ కొడుకు, మా బావ, ఊరి మొదట్లో ఫ్లెక్సీ కట్టిద్దామన్నాడు. "పేరు కింద ఏటి రాయించమంటావు?" అని అడిగాడు. మగవాళ్ళకైతే మాజీ సర్పంచ్ అనో కాంట్రాక్టర్ అనో రాస్తారు. ఆడవాళ్ళకి ఫలానా వారి భార్య అని రాసి ఊరుకుంటారు. నేను 'ఎండుచేపల వ్యాపారి' అని రాయించాను.

కట్టిన రోజు నలుగురు ఆడవాళ్ళు తట్టలతో ఆటో దిగి ఆ ఫ్లెక్సీ ముందు ఆగారు. "ఏటి రాసినారే?" అని అడిగింది ఒకావిడ. చదివి వినిపించాను.

తట్ట నెత్తి మీద నుంచి దించకుండానే, "మల్లీ సదువు" అంది.