రాయి అడుగున కుంకుమ

రాయిని పీట మీద నిలబెట్టే పనంటే అందరికీ అలుసు. "బండకు బల్ల ఎందుకే?" అని నవ్వినోళ్లే మా ఎమ్మిగనూరులో ఎక్కువ. అది బల్ల కాదు. రాయి అడుగు ఎట్లుంటే చెక్కలో గుంత అట్లే ఉండల్ల. బంక పెట్టకూడదు, మేకు కొట్టకూడదు. రాయి తనంతట తాను కూర్చోవల్ల, ఎత్తితే మళ్ల చేతికి రావల్ల.

ఈ పని మా ఇంటాయనకు జొన్నగిరి చేలల్లో దొరికింది. తొలకరి పడితే వజ్రాలు వెతికేదానికి జనం పోతారు కదా, ఈయనా పోతాండె. వజ్రం ఏనాడూ దొరకలే. సంచి నిండా మెరుపు రాళ్లు మాత్రం తెచ్చినాడు. ఆదోనిలో రాళ్లు అమ్మే సాయిబు చూసి, "ఇవి వజ్రాలు కాదప్పా, అయినా అద్దాల బీరువాలో పెట్టుకునేటోళ్లు ఉండారు. వడ్రంగి పని తెలిసినోడివి, పీటలు చేసియ్యి" అన్నాడు. అట్ల మొదలైంది.

ఆయన చెక్కేది, నేను రాయి పట్టేది. రాయి అడుగున కుంకుమ అద్ది, గుంతలో పెట్టి ఎత్తుతా. యాడ ఎర్రగ అంటితే ఆడ చెక్క ఎక్కువుందని. అంత మటుకే ఉలితో గీకల్ల. మళ్ల అద్దల్ల, మళ్ల పెట్టల్ల. గుంతంతా ఒకే తీరుగ ఎర్రబడితే రాయి కుదిరినట్టు. నా నొసట ఒక చుక్క, రాయి కింద ఇంత, రెండిటికీ ఒకటే భరిణె.

పోయిన వానల్లో ఆయన ఎద పట్టుకోని కూలబడినాడు. ఆస్పత్రి చేరకముందే పోయినాడు. దినాలనాడు నా నొసలు తుడిచినారు, గాజులు పగలగొట్టినారు. భరిణెను తోడికోడలు ఎత్తుకపోయింది. ఉలులు మా మరిది ఎత్తుకపోబోతే మూట మీద కూర్చున్నా.

"ఇవి పోతే నేను పత్తి ఏరేదానికి పోవల్లనా?"

"పోతే ఏం వదినా? పెద్దకడుబూరుకు ఆటోల్లో ఊరంతా పోతాంది. నువ్వేమన్న రాణివా?"

రాణిని కాదప్పా. ఇన్నేండ్లు ఆయన పక్కన చూసి చూసి చేతికి వచ్చిన పని ఒకటుంది, దాన్ని వదలను, అంతే.

నేను చేసిన మొదటి పీటకు దేవుని గూట్లో ఉన్న కుంకుమే అద్దినా. ఇంకో దారి నాకు తెలీదు. అత్త వచ్చి నా వేళ్లు చూసింది.

"ఏమే, నా కొడుకు కాలిన బూడిద ఆరకముందే కుంకుమ పూసుకోని కూసున్యావా?"

"రాయికత్తా."

"రాయికైతే నీ యేళ్లకెందుకే?"

ఏం చెప్పేది? కాలితో అద్దల్లనా? వీధి ఆడోళ్లు మూగినారు. "తలుపేసుకున్నాక నొసటికీ పెట్టుకుంటాదేమో" అని ఒకామె అనింది. అందరూ నవ్వినారు. అత్త నవ్వలే, ఏడ్చింది. ఆ ఏడుపుకు లొంగి కుంకుమ మానేసినా.

పసుపు అద్దితే వేపచెక్క మీద కనపడలే. సుద్ద అంటలే. కడాకు దీపం మసి అద్దినా. బాగా అంటింది, పీటా కుదిరింది. ఈసారి ఎవురూ ఒక్క మాట అనలే. మొగుడు చచ్చినదానికి చేతులు నల్లగుంటే వాళ్ల కండ్లకు సరిపోయినట్టుంది.

పీటా రాయీ తీసుకోని ఆదోనికి బస్సులో పోయినా. సాయిబు రాయిని తిప్పి చూసినాడు. తెల్లరాయి అడుగున పగుళ్లలోకి మసి దిగింది. సబ్బేసి, బ్రష్షుతో రుద్దినాడు. కుంకుమైతే నీళ్లకు పోతుంది. మసి పోలే.

"మీ ఆయన చేసినన్నాళ్లు ఒక మచ్చ వచ్చింది కాదు చెల్లీ. ఇదేంది?"

"కుంకుమ ముట్టగూడదంటాండారన్నా."

"మీ ఇంటి మాట నాకెందుకమ్మా? రాయి నాది కాదు, బెంగుళూరాయనది."

కొంచేపుకు మెత్తబడి లోపల నుంచి ఇంకోటి తెచ్చినాడు. తెల్లది, పైనంతా సూదుల మాదిరి కొసలు లేచినది, చంటిబిడ్డంత ఉంటుంది. "ఇది కుదిరిస్తే పని నీదే. దీనికీ మసి అంటితే మీ మరిదికి ఇస్తా. ఏమనుకోవద్దు."

బస్సులో ఆ రాయిని ఒడిలో పెట్టుకోని వచ్చినా. మొగుడు పోయింది నాకు, పని చేసేది నేను. నా వేళ్లకు ఏ రంగు ఉండల్లనో చెప్పేది మాత్రం వీధి.

దిగంగానే బజారులో కుంకుమ పొట్లం కొన్నా. తలుపేసుకోని చేద్దామంటే మా ఇంటికి కిటికీ లేదు, వెలుతురు లేకుంటే అచ్చు కనపడదు. గడపలోనే కూర్చోవల్ల. కూర్చున్నా. దారిన పోయేటోళ్లు నిలబడి చూసినారు.

"ఏమ్మా, పెండ్లా?" అన్నాడొకడు.

"అవున్రా, మీయమ్మను అక్షింతలు తెమ్మను" అన్నా.

పొద్దు వాలేలోపల గుంతంతా ఎర్రబడింది. రాయిని కూర్చోబెట్టి పీట ఊపితే కదలలే. కడిగితే అడుగు తెల్లగ వచ్చింది. మర్నాడు ఆదోనికి తీసుకపోతే, సాయిబు చూసి ఇంకొన్ని రాళ్లు నా సంచిలో పెట్టినాడు.

పని నాకాడే ఉంది ఇప్పుడు. అత్త మాత్రం పెరట్లో వేరే పొయ్యి పెట్టుకునింది. చేతులు వణుకుతాయి ఆమెకు, రొట్టెలు మాడ్చుకుంటాది. నేను పోసిన నీళ్లు ముట్టదు, బిందె తీసుకోని పక్కింటికి పోతాది. నిన్న చూడలేక పొయ్యికాడికి పోయినా.

"అత్తా, చేతులు కడుక్కున్యా. రొట్టె నేను కాలుస్తా, జరుగు."

నా తట్టు తిరగను గూడ తిరగలే.

"గోర్ల సందున ఉంటాదే ఇంకా" అనింది.