నా పేరు మీద తుపాకీ

మా నాయనకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయిన నెలకే, తుపాకీ తెచ్చి అప్పగించమని స్టేషను నుంచి కబురొచ్చింది. పంట కాపలా కోసం ఆయన పేరు మీద లైసెన్సు ఉన్న పాతకాలపు తుపాకీ అది. గొట్టం మూతిలోంచి మందు పోసి కూరాలి. వెనకవైపు సన్నటి రంధ్రమున్న చిన్న ఇనుప మొనకు రాగి క్యాపు తొడగాలి. దాని మీద సుత్తి పడితే ఆ రంధ్రంలోంచి నిప్పు లోపలికి పోయి పేలుతుంది. రాప్తాడు అవతల మా ఐదెకరాల వేరుశనగ చేనుకు వాన ఎటూ మొండిచెయ్యే చూపిస్తుంది. పండిన కాసిని కాయలూ అడవిపందుల పాలైతే మేం తినేది మట్టే. ఒక్క మోత వింటే చాలు, మంద మిట్ట దాటి పోయేది. అందుకే లైసెన్సు నా పేరుకు మార్చమని అర్జీ పెట్టాను. అది తేలేదాకా తుపాకీ ఇంట్లోనే ఉంచుకోనిచ్చారు.

అనంతపురంలో అధికారి నన్ను ఎగాదిగా చూశాడు.

"ఆడమనిషివి, దీంతో నీకేం పనమ్మా?"

"పందులు ఆడా మగా చూసి వస్తాయా సార్?" అన్నాను.

ఆయన నవ్వలేదు. దసరా సెలవులు కాగానే పోలీసు మైదానానికి వచ్చి పేల్చి చూపిస్తే సంతకం పెడతానన్నాడు. లేకపోతే లేదన్నాడు.

నాయన మంచంలోంచే నేర్పాడు. మందు లేకుండా ఖాళీ తుపాకీ సుత్తి ఎత్తి వదలడం మొదటి పాఠం.

"సుత్తి ఉత్త ఇనుము మీద పడనీయాకు. మొన అణిగిపోతాది. తోలు అడ్డం పెట్టు."

పాత చెప్పు తోలు కోసి మొన మీద పెట్టి పొద్దున యాభైసార్లు, సాయంత్రం యాభైసార్లు వదిలాను. ఆ బరువుకు చేతులు పీకేవి. సుత్తి పడినప్పుడల్లా నా కళ్లు మూతపడేవి. "కన్ను మూస్తే లెక్కలోకి రాదు, మళ్లా!" అనేవాడు నాయన. పక్కింటి చిన్నాయన గోడ మీంచి తొంగిచూసి, "ఏమ్మే, యుద్ధానికి పోతాండావా?" అని ఎగతాళి చేశాడు. "నీ మీదికే వస్తాండా, కాచుకో చిన్నాయనా" అన్నాను.

రెండో పాఠం మరీ కష్టం. "పేలకపోయినా దించగూడదు. లోపల నిప్పు రగులుతాంటాది. మూతి మట్టి దిక్కే పెట్టి నిదానంగా నూరు ఎంచు."

ఇంతలో ఆయుధపూజ వచ్చింది. కొడవళ్లకూ, మోటారు స్టార్టరుకూ, అమ్మ కుట్టుమిషనుకూ బొట్లు పెట్టాం. తుపాకీకి మాత్రం ఏటా నాయనే పెట్టేవాడు, చెక్క పిడి మీద ఒకే ఒక బొట్టు. ఈసారి ఆ పని నాకు పడింది. భక్తి ఎక్కువైంది నాకు. నిప్పు పుట్టేది ఇక్కడే కదా అని, నీళ్లతో తడిపిన పసుపూ కుంకుమా ఆ మొన మీదే అద్దాను. ఎంత ముచ్చటగా ఉందో అని మురిసిపోయాను కూడా. మైదానానికి బయలుదేరేటప్పుడు పైపైన తుడిచేశాను.

అక్కడ మందూ గుళ్లూ కూరి, క్యాపు తొడిగి, మట్టి దిబ్బకు గురిపెట్టి ట్రిగ్గరు నొక్కాను. క్యాపు టప్పుమంది. తుపాకీ పేలలేదు. వెనక ఎవరో కిసుక్కుమన్నారు. అవమానంతో ఒళ్లు మండిపోయింది. అక్కడే పారేసి ఇంటికి పోదామనిపించింది. కానీ పళ్లు బిగించి ఎంచడం మొదలుపెట్టాను.

"ఇంక దించమ్మా, అయిపోయిందిలే" అన్నాడు అధికారి.

"ఇంకా నలభై ఉండాది సార్" అన్నాను వెనక్కి తిరక్కుండానే.

నూరు అయ్యాక, మూతి దిబ్బవైపే ఉంచి పాత క్యాపు తీసి చూశాను. మొన రంధ్రంలో ఎర్రగా గట్టిపడిన కుంకుమ! నా బుద్ధి గడ్డి తినింది. గాజుకు తగిలించుకున్న పిన్నీసు తీసి ఆ రంధ్రం శుభ్రం చేశాను. అందులో చిటికెడు మందు రాల్చి కొత్త క్యాపు తొడిగాను. ఈసారి దిబ్బ మీద మట్టి ఎగిరింది, పొగలో ఒకరికొకరం కనిపించలేదు.

"ఆ పిన్నీసు పోగొట్టుకోవద్దమ్మా" అంటూ అధికారి సంతకం పెట్టాడు.

బస్సులో లైసెన్సు పుస్తకం ఎన్నిసార్లు తెరిచి చూసుకున్నానో. ఇంటికి రాగానే నాయన ఒళ్లో పెట్టి, "చూడు నాయనా, నా పేరు!" అన్నాను.

ఆయన చాలాసేపు చూశాడు. అప్పుడు నేనూ సరిగ్గా చూశాను. నా పేరుకు పైన ఆయన పేరు, ఎర్ర సిరాతో కొట్టేసి ఉంది. నా పేరు ఎక్కాలన్న పట్టుదలలో ఆయన పేరు పోతుందన్న సంగతి నాకు తోచనే లేదు. ఏడుపొచ్చింది.

నాయన ఎడమచేత్తో పుస్తకం మూసి నాకే ఇచ్చాడు.

"గొట్టం కడిగినావా?"

"లేదు నాయనా."

"మందు కాల్చిన దినమే కడగల్ల, లేకుంటే తుప్పు పడతాది. నీళ్లు కాగబెట్టుకోపో. ఇంక అది నీ తుపాకీ."