రెండో ఊదుకీ మూడో ఊదుకీ మధ్య

ఆయాసంతో బతికేవాడికి నీకు ఆయాసం లేదని చెప్పడం కంటే పెద్ద అవమానం ఇంకొకటి ఉండదు. ఏడో ఏట నుంచి నా ఛాతీలో పిల్లికూతలు. హైటెక్ సిటీలో అద్దాల భవనాలు లేస్తున్నప్పుడు సిమెంటు గోదాముల్లో స్టోర్ కీపరుగా దుమ్ము మింగినవాణ్ణి. అలాంటి నాకు, ఆ అద్దాల భవనాల్లో ఒకదాని నాలుగో అంతస్తులోనే, ఉబ్బసం మీద పరిశోధన చేసే శాస్త్రవేత్త ఆ మాట చెప్పింది.

చెడ్డ మనిషి కాదు. గాలిగొట్టాల చుట్టూ ఉండే సన్నని కండరం ఎందుకు బిగుసుకుంటుంది, బిగుసుకున్నది ఎందుకు సడలదు అన్నది ఆమె పని. దుమ్ములో పనిచేసిన ముసలివాళ్లను వెతికి వెతికి పిలిపించుకుంది. మొదటి రోజే, "గాలి లోపలికి పోవడం కంటే బయటికి రావడమే కష్టం కదండి?" అంది. ఈ ముక్క నాకు ఏడో ఏటనే తెలుసు. ఒక డాక్టరు అరటిపండు మానమన్నాడు, ఇంకొకడు చన్నీళ్లు మానమన్నాడు, మరొకడు దిగులు మానమన్నాడు. నా ఊపిరి ఎటువైపు ఆగుతుందో అడిగిన పాపాన ఒక్కడూ పోలేదు. ఫుట్‌పాత్ మీద కొన్న పాత వైద్య పుస్తకాలు, ఒక చిరిగిన నిఘంటువు ముందేసుకుని నేనే నేర్చుకున్నాను.

ఆమె నాకొక ప్లాస్టిక్ గొట్టం ఇచ్చింది. గట్టిగా ఊదితే దాని మీద ముల్లు కదులుతుంది. రోజూ పొద్దున మూడుసార్లు ఊది, అందులో పెద్ద అంకె వాళ్లిచ్చిన పుస్తకంలో రాయాలి. ఐదు నెలలు ఒక్క రోజు తప్పకుండా రాశాను. బోరబండలో మా గల్లీ వెనక కొత్త టవర్ లేస్తోంది. అక్కడ రాయి కోసిన ప్రతి రోజూ ఎర్ర సిరాతో పక్కన గుర్తు పెట్టాను. ఆ దుమ్మే నా గొంతు పిసుకుతోందని ఆమె పరిశోధనలో అచ్చు కావాలి. నాకు కావలసింది అంతే.

ల్యాబులో పరీక్ష వేరు. ముందు మిషన్లోకి ఊదాలి, తర్వాత వాళ్లిచ్చే పంపు, అదే ఇన్‌హేలరు, పీల్చాలి, పావుగంట ఆగి మళ్లీ ఊదాలి. మందు తర్వాత అంకె బాగా పెరిగితేనే అది ఉబ్బసం.

"మూడుసార్లు వచ్చారు, మూడుసార్లూ తేడా లేదు బాబాయ్ గారూ. మీది ఉబ్బసం అనుకోలేమండి. జాబితాలోంచి తీసేయాల్సి వస్తుంది," అంది శాస్త్రవేత్త.

"అరవై ఏండ్ల నుంచి కొట్లాడుతున్న ఊపిరమ్మా ఇది. మీ మిషన్ నిన్న పుట్టింది," అన్నాను.

తోడుగా వచ్చిన నా భార్య అందుకుంది. "ఆ బిడ్డ మీద గరమెందుకైతవయ్యా? గేటు కాడ రెండుసార్లు పంపు కొట్టుకున్నది చెప్పవేంది?"

శాస్త్రవేత్త పెన్ను కింద పెట్టింది. "ఇవాళేనా అండి?"

"వచ్చినప్పుడల్లా గంతే. ఉతికిన అంగీ, తలకు నూనె, రెండు పంపులు. పెండ్లికి పోయినట్టు తయారైతడు."

పొద్దుటి నుంచి పంపు వాడొద్దని, వాడితే తేడా కనబడదని కాగితంలో రాసే ఉంది. చదివాను, అర్థమూ అయింది. కానీ రైలు దిగి, సెక్యూరిటీవాడు చుట్టూ తిప్పి పంపిన దారి నడిచేసరికి గొంతు ఈల వేస్తుంది. చదువుకున్న మనిషి ఎదుట ఈల వేస్తూ కూర్చుంటామా? చిన్నప్పుడు మా అమ్మ కూడా అంతే. ఆయాసం వస్తే, "జర తగ్గనీ, పోదాం," అనేది. తగ్గాక స్నానం చేయించి దవాఖానకు తీసుకుపోయేది. డాక్టరు ఛాతీ చూసి, పిల్లాడు బాగానే ఉన్నాడు కదా అనేవాడు. డాక్టర్ల మీద నాకున్న కోపంలో సగం మా ఇంటికే చెందుతుందని అప్పుడు తట్టింది. అలా తట్టినందుకు మరింత కోపం వచ్చింది.

"మరి ఇంట్లో ఊదేటప్పుడు?" అని మెల్లగా అడిగింది ఆమె.

నేను పుస్తకం ఆమె ముందుకు జరిపాను. నా భార్య ఆగలేదు. "రెండుసార్లు ఊదుతడు, ముల్లు సగం కాడనే నిలవడతది. అప్పుడు పంపు కొట్టుకొని, కొంచెం సేపాగి మూడోసారి ఊదుతడు. పెద్దదే రాయమన్నరట గద."

పెద్దదే రాయమన్నారు, పెద్దదే రాశాను. అందులో అబద్ధం ఏముంది? ఆమె నా పుస్తకం పేజీ పేజీ తిప్పింది.

"దుమ్ము సంగతి ఎంత శ్రద్ధగా రాశారండి. కానీ రాయి కోసిన రోజున కూడా మీ ఊపిరి బాగానే ఉందని ఈ అంకెలు చెబుతున్నాయి. ఇది చూపిస్తే ఆ టవర్ వాళ్లే సంతోషిస్తారు."

ఐదు నెలలు, నా చేతులతో, ఎర్ర సిరాతో, దుమ్ము తరఫున సాక్ష్యం రాసి పెట్టాను.

ఆమె నా పేరు కొట్టేయలేదు. పంపు పీల్చకుండా మళ్లీ రమ్మంది, గేటు దగ్గరికి చక్రాల కుర్చీ పంపిస్తానంది. కుర్చీ వద్దని కసురుకున్నాను. కొత్త పుస్తకం మాత్రం తీసుకున్నాను.

మర్నాడు పొద్దున్నే వెనక రాయి కోసే మిషన్ మొదలైంది. మూడుసార్లు ఊదాను. మూడుసార్లూ ముల్లు సగంలోనే ఆగింది. పంపు నా భార్య గుప్పిట్లో ఉంది.

"ముందు అంకె రాయి," అంది.

వంకరటింకరగా ఆ చిన్న అంకె రాసి, పంపు కోసం చెయ్యి చాచాను.