రొయ్యల చేతులు, మీటరు కడ్డీ

మా మామగారికి గవర్నర్‌పేటలో చేనేత బట్టల కొట్టు. ఆ ఇంట్లో గుడ్డు కూడా ఉడకదు. నేనేమో చేపల వ్యాపారం చేసే ఇంట్లో పుట్టి, ప్రేమించి, ఆ ఇంటికి కోడలినయ్యాను. కొట్లో కూర్చుంటానని అడిగినప్పుడు అత్తగారు ససేమిరా అన్నారు. మామగారు మాత్రం, "ఒక్కరోజు చూద్దాం. కుదరకపోతే మానేస్తుంది" అన్నారు.

ఆ ఒక్కరోజు పొద్దున్నే, బుద్ధి గడ్డి తిని, భవానీపురంలో మా అమ్మ దగ్గరకెళ్ళి రెండు కిలోల రొయ్యలు ఒలిచాను. నా చేతుల నీచు వాసనకి కంకిపాడు పిల్లులు బస్సెక్కి వచ్చాయంటే నమ్మాలి మీరు. సరే, బస్సు సంగతి వదిలేయండి, పిల్లులు మాత్రం వచ్చాయి.

"స్టీలు గ్లాసు పట్టుకుని కుళాయి కింద చేతులు రుద్దుకోవే, నీచంతా పోద్ది" అంది అమ్మ. ఆలస్యమైపోతోందని వినకుండా ఆటో ఎక్కాను.

"గవర్నర్‌పేట" అన్నాను.

డ్రైవరు గాలి పీల్చి, "చేపల మార్కెట్టు కాదా అమ్మా?" అన్నాడు.

అప్పుడు భయం పట్టుకుంది. కొట్టుకు చేరగానే వెనక కుళాయి దగ్గరకి పరిగెత్తాను. గ్లాసు లేదు. బట్ట కొలిచే మీటరు కడ్డీ కనబడింది. తరతరాల చేతులు పడి తళతళలాడుతోంది. స్టీలే అనుకుని నీళ్ళ కింద పెట్టి తెగ రుద్దాను. వాసన చాలావరకు పోయింది. కడ్డీని తడిగానే గల్లా పక్కన పెట్టేశాను.

అరగంటకి ఒక పెద్దాయన లాల్చీకి తెల్ల గుడ్డ అడిగారు. కడ్డీ పెట్టి రెండు మీటర్లు కొలిచాను. ఎత్తి చూస్తే గుడ్డ మీద పొడుగ్గా ఎర్రటి తుప్పు గీత.

"ఈ బార్డరు నేను అడగలేదే అమ్మా!"

"కొత్త డిజైనండీ" అన్నాను. నా నోటికి సిగ్గు తక్కువ.

మామగారు లేచొచ్చారు. కడ్డీ తీసి వాసన చూశారు.

"రొయ్యలా?" అన్నారు మెల్లిగా.

ఆయనకి ఆ వాసన ఎలా తెలుసని అడిగే ధైర్యం ఆరోజు లేకపోయింది. మచ్చ పడిన గుడ్డ పక్కన పెట్టి, వేరే తాను తీసి, ఆయనే కొలిచి ఇచ్చి పంపారు. తర్వాత తన క్యారేజీ మూత నా ముందుకు తోశారు.

"ఆ కడ్డీ ఇనుముది, తడిస్తే తుప్పు పడుతుందమ్మాయ్. ఇది స్టీలు, దీంతో రుద్దుకో. మీ అత్తయ్యకి చెప్పకు."

"దేని గురించి మామయ్య గారూ?"

"దేని గురించైనా" అన్నారు. నేను మూతతో చేతులు రుద్దుకుని వచ్చేసరికి జేబులోంచి కొట్టు తాళాలు తీశారు. "రేపు తొమ్మిదిన్నరకే వచ్చి నువ్వే తెరువు."

చేతులింకా తడిగానే ఉన్నాయని కొంగు పట్టాను. అందులో వేశారు.